పువ్వు ఆగదు సరే, బడి ఎందుకు ఆగాలి?

సంపాదకుడు గారికి, నమస్కారం.

నేను నడిగడ్డలో, గద్వాల పక్క ఒక పల్లెలోని ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. బడి బయట పిల్లలెంతమంది అని ఏటా సర్వే చేస్తారు. మా ఊరి నుంచి వెళ్లే కాగితంలో అలాంటి పిల్లలు దాదాపు లేనట్టే ఉంటుంది. అందరి పేర్లూ రిజిస్టర్‌లో ఉన్నాయి మరి. కానీ ఆగస్టులో సీడ్ పత్తి, అంటే విత్తనం కోసమే పండించే పత్తి, క్రాసింగ్ ఊపందుకుందంటే ఆరు, ఏడు తరగతుల్లో సగం బెంచీలు ఖాళీ అయిపోతాయి.

క్రాసింగ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటది కాయదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే పట్టుకుని, రేకులూ పుప్పొడి ఉండే భాగమూ గోటితో గిల్లేసి గుర్తు పెట్టాలి. తెల్లారాక మగ మొక్క పువ్వు తెచ్చి దానికి అద్దాలి. పొద్దెక్కితే అద్దినా లాభం లేదు. చేనంతా ఒక్కో మొగ్గకూ ఇదే పని, రోజూ, రెండు నెలలకు పైగా. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, నడుము వంచక్కర్లేదు, పని చకచకా సాగుతుంది అని ఇక్కడ ఎవరిని అడిగినా అంటారు. ఎక్కువగా ఆడపిల్లలనే పంపిస్తారు. పువ్వు అద్దే వేళా, మా బడి మొదటి గంటా ఒకటే.

పోయినేడు దసరా సెలవులయ్యాక ఏడో తరగతి పిల్ల ఒకతి తిరిగొచ్చింది. బోర్డు మీద భిన్నాల కూడిక రాసి చేయమన్నాను. సుద్దముక్కను బొటనవేలితో పట్టుకోలేక చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించుకుంది. చూస్తే బొటనవేలి గోరు సగం దాకా చీలి, మరకపట్టి నల్లగా ఉంది. కాసేపు లెక్క వైపే చూసి, "మేడమ్, ఈ పాఠం ఎప్పుడు చెప్పిన్రు?" అంది. ఆగస్టులో చెప్పాను. సెప్టెంబరులో దశాంశాలు కూడా అయిపోయాయి. జూన్‌లో ఆ పిల్ల లెక్కల్లో తరగతికే ముందుండేది.

అంతకుముందు నేను వాళ్లింటికి పోయి అడగకపోలేదు. వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, "రెండు నెలలే గద మేడమ్. పువ్వు రేపటిదాంక ఆగదు, బడి ఆగుతది" అంది. ఆమెకు చదువు మీద ప్రేమ లేక కాదు. ఎకరం చేనుకు ఆర్గనైజర్ దగ్గర, అంటే విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారి దగ్గర, అడ్వాన్స్ తెచ్చారు, దానికి వడ్డీ. ఈ పంటలో పెద్ద ఖర్చు కూలీలదే. విత్తనం అప్పజెప్పాక మొలక పరీక్ష, జీవోటీ (విత్తనం నాటి చూసే స్వచ్ఛత పరీక్ష) అంటూ నెలలు గడిస్తే గానీ డబ్బు చేతికి రాదు, ఫెయిలైతే అదీ లేదు. కూలికి పిలుద్దామంటే చేతిలో పైసా ఉండదు. ఇంట్లో ఉన్న చేతులు పిల్లవే. షాపులో బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ ఎంతకు మించి అమ్మకూడదో కేంద్రమే ఏటా చెబుతుంది, 2025-26కు 901 రూపాయలు. ఆ విత్తనం పండించిన రైతుకు ముట్టే రేటు మాత్రం కంపెనీ, ఆర్గనైజర్ చెప్పిందే. అందులో పెద్ద మనిషి కూలి గిట్టుతుందా అని అడిగే నాథుడు లేడు.

పేదరికం వల్ల పిల్లలు చదువుకోలేకపోతున్నారు అని అందరం అనేస్తాం. నా బాధ ఆ మాటతోనే. పేదరికం అంటే ఏడాది పొడుగునా ఒకేలా ఉండేది కాదు. మా పిల్లల విషయంలో అది ఆగస్టులో వచ్చి దసరా దాకా పట్టుకుంటుంది. రోజులు తెలిసిన కష్టం అది. ఆ రోజులకే అడ్డం పడొచ్చు.

చట్టం లేక కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. కానీ బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయొచ్చని అందులోనే ఒక సందు ఉంది. 'సొంత చేను' అంటే చాలు, అడిగేవారుండరు. పనిలో ఉన్న పిల్లలను విడిపించడానికి పోలీసులు, అధికారులు కలిసి చేసే ఆపరేషన్ ముస్కాన్ జులైలో. మా దగ్గర చేలు పూతతో నిండేది అది ముగిశాకే.

ఇది మా ఒక్క ఊరి గోడు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), యునిసెఫ్ 2025లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారు. వందకు 61 మంది వ్యవసాయంలోనే. పేద దేశాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు కూడా. మెక్సికో 1997లో బడికి పంపే తల్లుల చేతికే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 85 శాతం హాజరు ఉండాలన్నారు, పై తరగతుల ఆడపిల్లలకు డబ్బు కాస్త ఎక్కువ ఇచ్చారు. అంత దూరం ఎందుకు, రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను క్యాంపుల్లో పెట్టి చదివించి, వయసుకు తగ్గ తరగతుల్లో చేర్పించింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. తల్లిదండ్రులు ఒప్పుకోరన్న మాట అబద్ధమని అప్పుడే తేలింది.

ఇప్పుడు రోజూ ఫోన్‌లో పిల్లల ముఖం చూపించి హాజరు వేస్తున్నాం. ఎవరు ఏ నెలలో రాలేదో మీట నొక్కితే తెలుస్తుంది. విద్యాశాఖ ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు హాజరును విడిగా తీసి, సీడ్ పత్తి మండలాలవారీగా బయటపెట్టాలి. ఆ మూడు నెలలకు కస్తూర్బా విద్యాలయాల్లోనో, మా బడుల్లోనే సీజనల్ హాస్టల్‌గానో ఆడపిల్లలకు చోటివ్వాలి. హాస్టల్‌లో ఉన్న పిల్లను తెల్లారి చేనుకు తోలుకుపోవడం అంత తేలిక కాదు. జిల్లా అధికారులు సీజన్ ముందే కంపెనీలను, ఆర్గనైజర్లను కూర్చోబెట్టి, పెద్దల కూలి కలిపి రేటు రాయించాలి. తనిఖీలు పూత కాలంలో, పొద్దున పూట చేయాలి. ఈ ఏడు విత్తనం వేయకముందే ఇవన్నీ జరగాలి.

ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదికి వచ్చింది. బడి అయ్యాక రోజూ అరగంట ఉంచి భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాను. ఆగస్టు లోపు అవి పూర్తి చేయాలి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
జోగులాంబ గద్వాల జిల్లా