మా రెక్కను నిలబెట్టిన మాస్టారికి కృతజ్ఞతలు

హైదరాబాద్ శివార్లలో నాదర్‌గుల్ వైపు ఒక రేకుల షెడ్డులో, అమెరికా విమాన రూపకర్త బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ అనే విమానం నక్షాల ప్రకారం నేను కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం ఎడమ రెక్క మరమ్మతు నిన్న రాత్రితో పూర్తయింది. ఒళ్ళంతా గ్లాసు దుమ్ము దురద, కళ్ళు మంటలు, అయినా కృతజ్ఞత చెప్పవలసినవారికి ఈ పూటే చెప్పాలని కూర్చున్నాను.

వేసవి గాలివానకు పక్క షెడ్డు కప్పు రేకు ఎగిరివచ్చి, అంచు దిగేలా రెక్క పైతొడుగు మీద పడింది. ఈ రకం రెక్కలో లోపల నీలిరంగు ఫోమ్, దానిపైన ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో తడిపి పరిచిన గ్లాసు గుడ్డ పొరలు ఉంటాయి. రెక్క మెలి తిరగకుండా పట్టి ఉంచేది ఆ పలుచని తొడుగే. ఈ నక్షాల అమ్మకం 1985లోనే ఆగిపోయింది కనుక, ఫోన్ చేసి అడగడానికి తయారీదారు అంటూ ఎవరూ లేరు. బాలానగర్‌లో ఫైబర్ పని చేసే ఒక యజమాని, విమానం పని తాము ముట్టుకోమని చెబుతూనే, గ్లైడర్ల (ఇంజను లేని విమానాల) ఫైబర్ రెక్కలు బాగుచేస్తూ ఉద్యోగ జీవితం గడిపిన ఒక పెద్దాయన ఫోన్ నంబరు ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని నేను విషయం పూర్తిగా చెప్పకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దెబ్బ మీద నూనె, మైనం, పాలిష్ లాంటివేమీ పూయలేదు కదా బాబూ?" అని. లేదన్నాను. "అయితే ఏమీ కెలకకండి, నేనే వస్తాను" అన్నారు.

వచ్చినవారు మంచినీళ్ళు కూడా తాగకుండా, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, చెవి వాల్చి, రెక్క పొడవునా అంగుళం అంగుళం తట్టడం మొదలుపెట్టారు. తొడుగు ఫోమ్‌ను గట్టిగా పట్టుకుని ఉన్నచోట బిళ్ళ కంగుమంటుంది, విడిపోయినచోట డబడబలాడుతుంది. శబ్దం మారిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టి, చివరకు చుక్కలన్నీ కలిపితే, పైకి అరచేయంత కనిపించిన గాటు లోపల దాదాపు స్పార్ దాకా, అంటే రెక్క బరువు మోసే దూలం దాకా, పాకి ఉందని తేలింది. నా ముఖం చూసి, "దొరికింది కదా, ఇక భయమెందుకు? దొరకనిదానికి భయపడాలి" అన్నారు.

చెడిన తొడుగును కోసి తీసి, నలిగిన ఫోమ్ స్థానంలో కొత్త ముక్క అతికించాక, చుట్టూ ఉన్న పాత పొరలను ఏటవాలుగా అరగదీయడం అసలు పని. స్పార్ దగ్గర గ్రైండర్‌ను ఆయన దరిచేరనివ్వలేదు. చెక్క దిమ్మకు ఉప్పు కాగితం చుట్టి చేత్తోనే అరగదీశారు. ఒక్కొక్క పొరా బయటపడుతుంటే, నరికిన చెట్టు మొద్దులో వలయాల్లా, వాటి అంచులు ఒకదాని వెనుక ఒకటి తేలాయి. ఏ పొరలో నూలు ఎటు నడిచిందో రెక్క మీదే బాణం గుర్తులు గీసి, కొత్త గుడ్డను సరిగ్గా అదే 45 డిగ్రీల వాలులో కత్తిరించారు. నూలు దిక్కు తప్పితే పొరలు ఎన్ని వేసినా మెలికకు ఆగవని ఆయన మాట.

ఈ పని ఎండలు ఉండగానే అయిపోవలసింది. కానీ విదేశం నుంచి తెప్పించిన హార్డెనర్, అంటే ఎపాక్సీలో కలిపితే దాన్ని గట్టిపరిచే ద్రవం, ఒక గోదాములో చిక్కుకుపోయింది. రసాయనమంటే ఒక ధ్రువపత్రం, విమాన సామగ్రి అంటే మరొకటి అడిగారు. ఇంట్లో కట్టుకునే విమానానికి ఆ రెండోది ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. మరమ్మతు బాధ్యత పూర్తిగా నాదేనని రాసిచ్చిన కార్యాలయమే, నేను రాసిన మరమ్మతు వివరాలు చెల్లవని, లైసెన్సు ఉన్నవారి సంతకం కావాలని తిప్పి పంపింది. సొంతంగా కట్టుకోవచ్చని అనుమతించే వ్యవస్థ, బాగుచేసుకునే దారి కూడా చూపించాలి కదా! డబ్బా చేతికి వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. తేమ గాలిలో ఎపాక్సీ ఆరితే పైన జిడ్డు పొర తేరుతుంది, దాని మీద తరువాతి పొర అంటదు. అందుకని మాస్టారు రెక్క చుట్టూ ప్లాస్టిక్ గుడారం కట్టించి, దీపాలు వేయించి, ఫోమ్ మెత్తబడకుండా వేడి చూసుకుంటూ రాత్రంతా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. కునుకు రాకుండా నాకు వాయేజర్ కబుర్లు చెప్పారు. ఇదే రూటాన్ రూపొందించిన ఆ విమానం 1986 డిసెంబరులో, ఇంధనం బరువుకు రెక్కల కొసలు రన్‌వేకు రాసుకుని దెబ్బతిన్నా, ఎక్కడా దిగకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టివచ్చింది.

నన్ను కదిలించినది మాత్రం ఆ తరువాత జరిగినది. పని అయిపోయింది, ఆయన వెళ్ళిపోయారు. ఒక ఉదయం షెడ్డుకు వెళ్ళేసరికి తలుపు దగ్గర గొడుగుతో నిలబడి ఉన్నారు. "స్పార్ పక్కన ఒక మూల తట్టానో లేదో అనుమానం వచ్చింది బాబూ" అంటూ, ఆ వయసులో బస్సులు మారి, వానలో తడిసి వచ్చారు. ఆ మూల తట్టారు, కంగుమంది, తృప్తిగా తల పంకించి బిళ్ళ జేబులో వేసుకున్నారు. డబ్బు కవరు ఇవ్వబోతే, "తెల్ల రంగే వేయండి, ముదురు రంగు మన ఎండకు వేడెక్కి తొడుగును పాడుచేస్తుంది" అని మాట మార్చారు. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మాస్టారూ, మీ రుణం తీర్చుకోలేను.

మా ఆవిడ, పిల్లలు, బావమరిది ఎప్పటిలాగే వెన్నంటి ఉన్నారు, వారికి వేరే చెప్పేదేముంది.

అయ్యో, గ్రాముల తూకం అరువిచ్చిన కంసాలి మిత్రుడిని మరిచాను. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరు మోసుకొచ్చిన కిరాణా కొట్టు అన్న, రెక్కను తిప్పడానికి చేయి వేసిన కాపలాదారు, ఆయన తమ్ముడు, అందరికీ ధన్యవాదాలు. రాణిగంజ్‌లో ఉప్పు కాగితాలు అరువుకిచ్చిన సేటు గారూ, మీ బాకీ గుర్తుంది, సోమవారం వచ్చి ఇస్తాను.