ఆరోగ్య శాఖ మంత్రి గారికి: నయం కాని పుండుకూ వైద్యం కావాలి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను చర్మ వ్యాధుల డాక్టర్‌ని. ఒళ్లంతా పాకిపోయి, ఆపరేషన్‌కు వీలుకాని చర్మ క్యాన్సర్ రోగుల బాధ తగ్గించే క్రయోథెరపీ (కణుతుల్ని గడ్డకట్టించి చంపే చికిత్స) గురించి ఈ లేఖ.

మెలనోమా లాంటి క్యాన్సర్ ముదిరితే చర్మం మీదే కొత్త కణుతులు లేస్తాయి. కొన్ని పగిలి పుండ్లవుతాయి. రక్తం, రసి కారతాయి. అన్నిటికన్నా బాధ పెట్టేది వాసన. చావంటే భయం లేని మనిషి కూడా ఆ వాసనకు సిగ్గుపడి మనవల్ని దగ్గరికి రానివ్వడు. స్కాన్ రిపోర్టులో ఇదెక్కడా ఉండదు.

ఈ కణుతుల మీద లిక్విడ్ నైట్రోజన్ స్ప్రే చేస్తాం, లేదా దాంతో చల్లబడిన ప్రోబ్ (సన్నటి లోహపు కడ్డీ) ఆనిస్తాం. ఆ నైట్రోజన్ మరిగేదే మైనస్ 196 డిగ్రీల దగ్గర. కణాల్లో మంచు పలుకులు ఏర్పడి అవి చస్తాయి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. కరగనిచ్చి మళ్లీ గడ్డకట్టిస్తాం. పులిపిరికి కొద్ది సెకన్లు చాలు. క్యాన్సర్‌కైతే కణితి లోపల దాదాపు మైనస్ 50 దాకా దిగాలి. చచ్చిన కండ కొన్ని వారాల్లో ఊడిపోతుంది. చాలాసార్లు అక్కడికి మత్తు సూది వేస్తే సరిపోతుంది, ఆపరేషన్ థియేటర్‌తో పనిలేదు.

దీంతో ఆయుష్షు పెరుగుతుందని చెప్పను. ఊపిరితిత్తులకో మెదడుకో పాకినదాన్ని ఇది తాకదు. మొదట్లో వాపు, బొబ్బలు, నీరు కారడం తప్పవు. నరం దగ్గరైతే తిమ్మిరి మిగలొచ్చు. రేడియేషన్, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే మందులు) పనిచేసేవాళ్లకు అవే ముందు ఇవ్వాలి.

19వ శతాబ్దం మధ్యలో జేమ్స్ ఆర్నాట్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఉప్పు కలిపిన మంచుతో ముదిరిన క్యాన్సర్లను చల్లబరిచి, నొప్పి, స్రావం తగ్గడం గమనించారు. క్యాన్సర్‌లో ఈ పద్ధతి మొదలైందే ఉపశమనం కోసం!

మరి అడ్డేమిటి? పులిపిర్ల కోసం నైట్రోజన్ మా ఓపీలో ఎప్పుడూ ఉంటుంది. కానీ క్యాన్సర్ రోగికి వాడితే చెల్లింపుల దగ్గర అడిగే ప్రశ్న ఒకటే: దీంతో జబ్బు నయమవుతుందా? కాదు అని రాయగానే ఫైలు ఆగిపోతుంది. ఉపశమన వైద్యాన్ని, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యాన్ని, ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని 2014లోనే ప్రపంచ ఆరోగ్య అసెంబ్లీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల సభ) తీర్మానం చేసింది. మన ఫారాలకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

కాబట్టి ఈ చికిత్సను ఉపశమన వైద్యం కింద చెల్లింపుల జాబితాలో చేర్చండి. రక్తస్రావం, నొప్పి, వాసన తగ్గాయా అన్నదే కొలమానంగా పెట్టండి. తర్వాత వారాల తరబడి పట్టే డ్రెస్సింగుల ఖర్చు, అవసరమైతే మార్ఫిన్ కూడా అందులోనే కలపండి. డ్రెస్సింగ్ దొరక్కపోతే మేము గడ్డకట్టించి ప్రయోజనం లేదు.

ఇట్లు,
ఒక చర్మ వ్యాధుల డాక్టర్