కారు అమ్ముకునే కుటుంబానికి ఫోర్‌క్లోజర్ రుసుము ఎందుకు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లోకి బిడ్డ రాబోతున్న సమయంలో, రుణంపై కొన్న కారును మార్చుకోవాలనుకునే మధ్యతరగతి కుటుంబానికి ఫోర్‌క్లోజర్ రుసుము (రుణాన్ని గడువుకు ముందే తీర్చేస్తే సంస్థ వసూలు చేసే రుసుము) వల్ల ఎదురయ్యే ఇబ్బందిని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, రిజర్వు బ్యాంకు దృష్టికీ తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో, 2024 నవంబరులో, మేము రెండు తలుపుల ఎత్తయిన జీపు తరహా బండి కొన్నాం. అనంతగిరి కొండలకూ, ఒకసారి లంబసింగి దాకానూ దానిలోనే వెళ్లివచ్చాం. ఇద్దరమే ఉన్నప్పుడు అది మాకు చక్కగా సరిపోయింది. ఆన్‌రోడ్ ధర 13 లక్షల రూపాయలు కాగా, 3 లక్షలు చేతి నుంచి కట్టి, మిగిలిన 10 లక్షలకు 9.5 శాతం స్థిర వడ్డీతో ఏడేళ్ల రుణం తీసుకున్నాం. నెలనెలా కట్టే కిస్తీ 16,344 రూపాయలు.

ఇప్పుడు నా భార్యకు ఎనిమిదో నెల. సహోద్యోగి ఒకరు తమ పాపకు కారులో వాడిన పిల్లల సీటు ఇస్తే, మొన్న ఆదివారం మా అపార్టుమెంటు సెల్లార్‌లో దాన్ని బిగించి చూశాం. ముందు సీటును పూర్తిగా మడిచి ముందుకు తోసి, ఆ సందులోంచి పాప సీటును పక్కకు వాల్చితేగానీ లోపలికి పోలేదు. వెనుక పిల్లల సీటును తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయి కానీ, వాటికి తగిలించడానికి నేను మోకాళ్ల మీద లోపలికి దూరాల్సి వచ్చింది. పసిబిడ్డ సీటు బండి వెనుకవైపు చూసేలా ఉండాలి కాబట్టి, అలా బిగించేసరికి ముందు సీటులో మనిషి కాళ్లు పెట్టుకునే చోటు మిగల్లేదు. నా భార్య పైనున్న పిడి పట్టుకుని రెండుసార్లు ఎక్కబోయి, కడుపు అడ్డం వస్తోందని దిగిపోయింది. కాన్పు తర్వాత తోడుండటానికి రానున్న మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఒకవేళ సిజేరియన్ అయితే ఆరు వారాలు బరువులు ఎత్తవద్దని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఆ స్థితిలో టీకాల కోసం బిడ్డను తీసుకుని ఈ బండి ఎక్కడం, దిగడం ఎవరి వల్ల అవుతుంది?

బిడ్డ సీటును ముందు పెట్టుకోవచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే చెప్పారు కానీ, అది చాలా ప్రమాదకరం. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా, వెనక్కి తిరిగి ఉండే శిశు సీటును ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దెబ్బ నేరుగా పసికందు తల వెనుక తగులుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకోవడమూ అంతే ప్రమాదం. హఠాత్తుగా బ్రేకు వేస్తే తల్లి చేతుల పట్టు బిడ్డను ఆపలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలను సీటు బెల్టుతోనో, పిల్లల సీటుతోనో కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చట్టం చెప్పినట్టు నడుచుకోవడానికే మేము బండి మార్చాలనుకున్నాం.

అక్కడి నుంచి అసలు చిక్కు మొదలైంది. బండి అమ్మాలంటే ముందు రుణం తీర్చేయాలి. 12 కిస్తీల్లో మేము 1,96,128 రూపాయలు కట్టాం. అందులో అసలుకు జమైంది దాదాపు 1,05,600 మాత్రమే, మిగిలిన 90 వేలకు పైగా వడ్డీకి పోయింది. మిగిలిన అసలు 8,94,360. ఒప్పందం ప్రకారం ఫోర్‌క్లోజర్ రుసుము దానిపై 5 శాతం, పైన 18 శాతం జీఎస్టీ, కలిపి 52,767 రూపాయలు. అంటే మూడు కిస్తీలకు పైమాటే. పాత బండ్ల వ్యాపారి చెప్పిన ధర 9,20,000. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి, కొత్త బండే చౌకయ్యాక, మా పాతదానికి ఇంతకంటే రాదని ఆయన అన్నారు. కట్టిన లైఫ్ ట్యాక్స్ ఎటూ తిరిగి రాదు. లెక్క తేల్చితే, బండి ఇచ్చేశాక కూడా మేమే ఎదురు 27 వేల చిల్లర కట్టాలి. ధర పడిపోవడంలో బ్యాంకు తప్పేమీ లేదని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ 52 వేల రుసుమే లేకపోయి ఉంటే ఎదురు కట్టాల్సిన అవసరమే ఉండేది కాదు, పైగా పాతిక వేలు చేతికి మిగిలేవి.

రిజర్వు బ్యాంకు 2025 జులైలో ఇచ్చిన ఆదేశాలను చదివినప్పుడు నాకు ఆశ కలిగింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లేదా రెన్యువల్ అయ్యే రుణాల్లో, వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు ఫ్లోటింగ్ వడ్డీపై (కాలాన్ని బట్టి మారే వడ్డీపై) తీసుకున్నవాటిని ముందే తీర్చేస్తే రుసుము వసూలు చేయకూడదని వాటిలో ఉంది. అయితే షోరూమ్‌ల్లో మనచేత సంతకాలు పెట్టించుకునే కారు రుణాలు ఎక్కువగా స్థిర వడ్డీవే కావడంతో, ఆ మేలు మాలాంటివారి దాకా రావడం లేదు. కొన్ని బ్యాంకులు కారుకు కూడా ఫ్లోటింగ్ వడ్డీ రుణం ఇస్తాయన్న సంగతి మాకు షోరూమ్ బల్ల దగ్గర ఎవరూ చెప్పలేదు.

స్థిర వడ్డీకి రుణమిచ్చే సంస్థల వాదన నాకు తెలియనిది కాదు. బయట వడ్డీ తగ్గగానే రుణగ్రహీత వేరే సంస్థకు వెళ్లిపోతే తమకు నష్టమని అవి అంటాయి. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ తక్కువ వడ్డీ కోసం రుణం మార్చుకునేవారినీ, కుటుంబ అవసరం కోసం బండినే అమ్మేసేవారినీ ఒకే గాటన కట్టడం సరికాదు. బండి అమ్ముతున్నారనడానికి ఆధారం వెతుక్కోవాల్సిన పని లేదు. యాజమాన్య బదిలీకి పెట్టే 29, 30 నంబరు ఫారాలే చాలు. వాహనాన్ని నిజంగా అమ్మి రుణం తీర్చేవారికి ఈ రుసుమును మినహాయించాలని, అది కుదరకపోతే కనీసం ఒక గరిష్ఠ పరిమితి విధించాలని రిజర్వు బ్యాంకును కోరుతున్నాను.

మరో మాట కూడా చెప్పాలి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన రిటైల్ రుణాలన్నిటికీ కేఎఫ్ఎస్ అనే ముఖ్య వివరాల పత్రం తప్పనిసరి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులోని విషయాలను వివరించాకే సంతకం తీసుకోవాలని నిబంధన చెబుతోంది. మాకు అది ఆంగ్లంలో, ట్యాబ్ తెరపై వచ్చింది. వేలితో పైకి జరుపుతూ నాలుగుచోట్ల సంతకం పెట్టించుకున్నారు. ఆ 5 శాతం గురించి అప్పుడే తెలుగులో ఒక్క మాట చెప్పి ఉంటే, ఏడేళ్ల రుణానికి ముందు మేము మరోసారి ఆలోచించేవాళ్లం.

ఇదే పరిస్థితిలో ఉన్న దంపతులు కాన్పు దగ్గరపడే దాకా ఆగవద్దని నా విన్నపం. రుణం తీరాక సంస్థ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వాలి, 35వ నంబరు ఫారంతో ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి రుణ సంస్థకు తాకట్టులో ఉందన్న నమోదు) తీయించాలి, ఆ తర్వాతే బదిలీ. ఇవన్నీ వారాల తరబడి సాగే పనులు. మాకైతే పుష్యమాసం వెళ్లేదాకా కొత్త బండి వద్దన్న పెద్దల మాటతో ఉన్న సమయమూ తగ్గిపోయింది. పాత బండి బీమాలోని నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపును) కొత్త బండికి మార్చుకోవచ్చని చాలామందికి తెలియదు, దాన్ని వదులుకోవద్దు.

చివరికి ఆ 27 వేలు కట్టి బండిని అమ్మేయడానికే నిర్ణయించుకున్నాం. సహోద్యోగి ఇచ్చిన సీటును షోరూమ్‌కు పట్టుకెళ్లి, నాలుగు తలుపుల చిన్న కారులో బిగించి, నా భార్య దాని పక్కన కూర్చుని చూశాకే టోకెన్ ఇచ్చాం. ఈసారి 6 లక్షల రుణానికి కేఎఫ్ఎస్‌ను తెలుగులో ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగాను. అది చేతికి వచ్చేదాకా సంతకం పెట్టను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్