సైన్సు పాఠంలోనే సైన్సు ఉద్యోగాల దారి చూపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సూళ్లూరుపేట ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ బోధించే ఉపాధ్యాయురాలిని. పదో తరగతి పరీక్షలు ముగిశాక ఎంపీసీలో చేరాలా, బైపీసీ తీసుకోవాలా, పాలిటెక్నిక్‌కు వెళ్లాలా, ఐటీఐకా అన్నది మా పిల్లలు కొద్ది వారాల్లోనే తేల్చుకోవలసి వస్తుంది. చాలా ఇళ్లలో ఆ నిర్ణయం స్నేహితులు ఎటు వెళ్తే అటు, లేదంటే ఏ కాలేజీ వాళ్లు ముందుగా ఇంటికి వచ్చి అడిగితే అటు జరిగిపోతోంది. ఏళ్ల తరబడి సైన్సు చదివిన పిల్లలకు ఆ సైన్సుతో బతుకుతున్న మనుషులు ఎవరో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో, ఆ పనికి ఏ చదువు కావాలో బడిలో చెప్పే ఏర్పాటు లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని నా నమ్మకం. పదో తరగతి చివర్లో ఒక పూట సదస్సు పెట్టి సరిపెట్టకుండా, ఎనిమిదో తరగతి నుంచే ఈ పరిచయాన్ని సైన్సు పాఠంలో భాగం చేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

మా బడి ఆవరణలో నిలబడితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ కనిపిస్తుంది. ముందుగా వెలుగు, చాలాసేపటికి గానీ మోత వినిపించదు. ఈ రెంటికీ మధ్య సెకన్లు లెక్కపెట్టి, ధ్వని వేగంతో గుణించి, రాకెట్ ఎంత దూరంలో ఉందో పిల్లలే ఉజ్జాయింపుగా కట్టేస్తారు. అయితే అక్కడ ఎవరెవరు పనిచేస్తారని అడిగితే మాత్రం తరగతి మొత్తం శాస్త్రవేత్తలనే చెబుతుంది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు ఆ ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న అబ్దుల్ కలాం గారి పేరు వాళ్లందరికీ తెలుసు. ఇస్రో కేంద్రాలు ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్ మెకానిక్ వంటి ట్రేడులు చదివినవారిని టెక్నీషియన్లుగానూ, పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవారిని టెక్నికల్ అసిస్టెంట్లుగానూ తీసుకుంటాయన్న సంగతి శ్రీహరికోట అంతరిక్ష కేంద్రమైన షార్ పక్కనే పెరిగిన మా పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. మంచి మార్కులు రాలేదు కాబట్టి సైన్సు తమకు పనికిరాదని తొమ్మిదో తరగతిలోనే చేతులెత్తేసే పిల్లలకు ఈ ఒక్క సంగతి తెలియడం ఎంత అవసరమో తరగతి గదిలో నిలబడే మాకు తెలుసు.

మరో ఉదాహరణ చెబుతాను. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలు మా తీరంలోని బడుల్లో చాలామంది ఉన్నారు. చేపలు ఏ వైపు దొరకవచ్చో చెప్పే సూచనలు మత్స్యకారులకు తెలుగులోనే అందుతున్నాయి. వాటిని తయారు చేసేది సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రమైన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ. ఉపగ్రహాల సాయంతో సముద్రపు పైనీటి ఉష్ణోగ్రతనూ, ఆ నీటిలోని పత్రహరితాన్నీ కొలుస్తారు. పత్రహరితం ఎక్కువగా ఉందంటే కంటికి కనిపించనంత చిన్న నీటి మొక్కలు అక్కడ పెరుగుతున్నాయని అర్థం. వాటిని తినే జీవులూ, ఆ జీవుల కోసం చేపలూ అక్కడికి చేరతాయి. ఆకులోని పత్రహరితం గురించి పరీక్షకు వల్లె వేసే పిల్లవాడికి, అదే పత్రహరితాన్ని ఆకాశం నుంచి కొలిచి తన తండ్రి పడవకు దారి చెబుతున్నారని ఆ పాఠం రోజునే చెప్పగలిగితే ఆ పాఠం వాడికి మరో రకంగా అర్థమవుతుంది. ఆ పని చేసేవాళ్లు చదివే సముద్ర శాస్త్రం, వాతావరణ శాస్త్రం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఉన్నాయని కూడా ఆ రోజే చెప్పవచ్చు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెనాలతో ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే సంకేతాలను బట్టి పైగాలుల తీరును లెక్కగట్టే రాడార్ ఉంది. తరంగాల పాఠం చెప్పేటప్పుడు దాని ఊసు ఎత్తకపోవడం అన్యాయం.

ఇందుకు కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉన్న మన పాఠ్యపుస్తకాల్లో ప్రతి సైన్సు పాఠం చివరా ఒక అరపేజీ కేటాయించి, ఆ పాఠంలోని విషయంతో ఎవరు ఏ పని చేస్తున్నారో, అది మన రాష్ట్రంలో ఎక్కడ జరుగుతోందో, పదో తరగతి తర్వాత దానికి ఉన్న దారులేమిటో రాయించండి. దాని మీద పరీక్షలో ప్రశ్న మాత్రం పెట్టవద్దు. పెడితే మరుసటి ఏడాదికే అది గైడుల్లో చేరి, పిల్లలు బట్టీ పట్టే మరో జవాబుగా మిగులుతుంది.

అంతకన్నా ముందు ఉపాధ్యాయులను ఆ సంస్థలకు పంపండి. మాలో చాలామంది బీఈడీ ముగించి నేరుగా బడికి వచ్చినవాళ్లమే. ప్రయోగశాలలో నాలుగు రోజులు గడిపి, ఆ టెక్నీషియన్లతో మాట్లాడి వచ్చిన ఉపాధ్యాయుడు ఓమ్ నియమం చెప్పే తీరు వేరుగా ఉంటుంది. వేసవి శిక్షణల్లో కొన్ని రోజులను ఇందుకు కేటాయించగలిగితే అదనపు భారం పెద్దగా ఉండదు.

పిల్లల విషయానికి వస్తే, తొమ్మిదో తరగతివారి కోసం అంతరిక్ష విజ్ఞానాన్ని పరిచయం చేసేందుకు ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా మంచి కార్యక్రమమే గానీ అందులో చోటు దొరికేది ఎంపికైన కొద్దిమందికే. 6 నుంచి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేకుండా 10 రోజులు స్థానిక వృత్తి నిపుణుల దగ్గర గడపాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ రోజుల్లో కొన్నింటిని దగ్గర్లోని పరిశోధన కేంద్రానికో, వ్యవసాయ పరిశోధన స్థానానికో, విద్యుత్ సబ్‌స్టేషన్‌కో కేటాయించి, బస్సు ఖర్చు ప్రభుత్వమే భరించాలని నా విన్నపం. ఆ ఖర్చు పిల్లల మీద పడితే రాలేనివాళ్లు ఎవరో మీకు వేరే చెప్పనవసరం లేదు. సంస్థల నుంచి బడికి ఎవరినైనా పంపించమని అడిగేటప్పుడు పెద్ద హోదాలో ఉన్నవారితో పాటు టెక్నీషియన్లనూ, ముఖ్యంగా మహిళా ఉద్యోగులనూ పంపమని కోరండి. ఆడపిల్లను దూరం పంపి చదివించాలా అని తటపటాయించే తల్లి, ఆ ఉద్యోగంలో ఉన్న మరో స్త్రీని ఎదురుగా కూర్చుని అడగగలిగితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

పిల్లలు తమ చేతులతో పరికరాలు తయారు చేస్తూ నేర్చుకునేందుకు బడుల్లో పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల గురించి కూడా ఒక మాట. ఈ పథకం కింద ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు అందుతుంది. నాకు తెలిసిన ఒక బడిలో త్రీడీ ప్రింటర్ మీద కప్పిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పాడు చేస్తే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే కారణం. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లోనే కేటాయించి, బాధ్యుడైన ఉపాధ్యాయుడికి ఇతర పనులు తగ్గించి, పిల్లల చేతిలో పరికరం పాడైతే ఉపాధ్యాయుడి నుంచి వసూలు చేయబోమని రాతపూర్వకంగా చెబితే ఆ గదులు తెరుచుకుంటాయి.

ఇవన్నీ ఒకేసారి జరగవని నాకు తెలుసు. మొదటి ఏడాది ఉపాధ్యాయుల సందర్శనలతోనైనా ప్రారంభించండి. ఏప్రిల్‌లోపు ఉత్తర్వు వస్తే సెలవుల్లోనే వాటిని ముగించి, జూన్‌లో బడులు తెరిచే నాటికి మేము సిద్ధంగా ఉంటాం.

భవదీయురాలు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు