వలలు కట్టే ముందు గూళ్లు చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కోఠి, ఆబిడ్స్, బేగంబజార్ వైపు ఏ పాత కాంప్లెక్స్‌కు వెళ్లినా బోర్డుల వెనక, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల కింద, డక్టుల్లో పావురాలే కనిపిస్తాయి. మాలాంటి వ్యాపారులకు ఇది చిన్న బాధ కాదు. రెట్ట పడి సరుకు పాడవుతుంది, ఏసీల రేకులు తుప్పుపడతాయి. ఎండి పొడైన రెట్టను, ఈకల ధూళిని ఏళ్ల తరబడి పీల్చితే కొందరికి ఊపిరితిత్తులు వాచి గట్టిపడే జబ్బు వస్తుంది. కాబట్టి పావురాలను దుకాణాలకు దూరంగా ఉంచడం అవసరమే. ఆ పని మనం చేస్తున్న తీరే నన్ను కలవరపెడుతోంది.

కొందరు సన్‌షేడ్ల మీద జిగురు పూయిస్తున్నారు. అది రెక్కలకు అంటుకుంటే పావురం ఎగరలేదు. పిచ్చుక లాంటి చిన్న పక్షి అయితే అక్కడే చచ్చిపోతుంది. గింజల్లో మందు కలపమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం జంతువు అంటే మనిషి తప్ప ప్రతి ప్రాణీ. పావురానికి విషం పెట్టడం నేరమేనని ఎంతమంది వ్యాపారులకు తెలుసు?

అన్నిటికంటే మంచి ఉపాయం వల. బాధాకరమైన విషయం ఏమిటంటే, ఆ వలతోనే ఎక్కువ హింస జరుగుతోంది. మా వీధిలో ఒక కాంప్లెక్స్ డక్టుకు వల కట్టించారు. లోపలి గూళ్లలో పిల్లలున్నాయో లేదో ఎవరూ చూడలేదు. పెద్ద పక్షులు బయట వలకు కొట్టుకుంటూ ఉండిపోయాయి, పిల్లలు లోపల ఆకలితో చచ్చిపోయాయి. ఆ వాసనకు కింది దుకాణాల్లో కూర్చోలేకపోయారు. వల కట్టినవాళ్లను అడిగితే, మూసేయమన్నారు కాబట్టి మూశామన్నారు.

పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. సుమారు 18 రోజులు పొదుగుతుంది. పిల్ల ఎగరడానికి మరో నెల పడుతుంది. మొదటి రోజుల్లో తల్లీతండ్రీ రెండూ గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థంతోనే పిల్లలను పెంచుతాయి. వాటిని బయట ఉంచి వల కడితే పిల్లలకు బతికే దారి లేదు. గూట్లో పిల్లలుంటే అవి ఎగిరేదాకా ఆగాలి. ఉత్త పుల్లలే ఉంటే ఆ రోజే తీసేసి చోటు మూసేయాలి. పావురాలు ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి కాబట్టి చూడకుండా వల కట్టదగిన నెల అంటూ ఏదీ లేదు.

వల కట్టడంలోనూ పనితనం ఉంది. పావురాలకు రెండంగుళాల కన్ను సరిపోతుంది. దాన్ని స్టీలు తీగ మీద బిగువుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడే వలలో కాళ్లూ రెక్కలూ చిక్కుకుని పక్షులు తలకిందులుగా వేలాడటం మన నగరంలో రోజూ కనిపించేదే. ఇంకో సంగతి: ఏసీ మెకానిక్ వచ్చి వల కోసి, పని చేసుకుని, ఆ కంత అలాగే వదిలేసి వెళ్తాడు. అందులోంచి దూరిన పక్షికి బయటపడే దారి తెలియదు. వల కట్టించేటప్పుడే అక్కడ జిప్పు పెట్టిస్తే ఈ గొడవ ఉండదు. చిన్న గట్లకైతే వల కూడా అక్కర్లేదు, 45 డిగ్రీలకు మించి ఏటవాలుగా రేకు బిగిస్తే పావురం నిలబడలేదు. మన చెవికి వినపడని శబ్దంతో తరుముతామని అమ్మే యంత్రాల మీద మాత్రం డబ్బు పోయకండి. మనిషి చెవికి అందనంత సన్నని శబ్దం పావురానికీ వినపడదు.

పట్టుకుని దూరంగా వదిలేద్దామంటారా? ఇల్లు వెతుక్కుంటూ తిరిగి రావడం పావురం గుణం. పక్కనున్న ఒడిశాలో పోలీసులు దాన్ని నమ్ముకునే దశాబ్దాల పాటు పావురాలతో సందేశాలు పంపారు.

తిండి దొరికినంత కాలం చంపినా సంఖ్య తగ్గదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం ఏళ్ల తరబడి పావురాలను చంపించినా ఫలితం రాలేదు. 1988లో గింజలు వేయడం తగ్గించమని ప్రజలకు నచ్చజెప్పడం మొదలుపెట్టాక, నాలుగైదేళ్లలో వాటి సంఖ్య సగానికి పడిపోయింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర గింజలు వేసేవాళ్లు జాలితోనే వేస్తారు, వాళ్లను నిందించడం నాకు ఇష్టం లేదు. కానీ ముంబైలో ఈ విషయం ముదిరేదాకా వదిలేసి, 2025లో దాదర్ కబూతర్‌ఖానాను (పావురాలకు గింజలు వేసే చోటును) ఉన్నట్టుండి మూసేస్తే ఎంత గొడవ జరిగిందో చూశాం. ఇక్కడ ఆ పరిస్థితి రాకముందే ప్రజలతో మాట్లాడాలి. మేమూ దుకాణాల ముందు ఒలికిన బియ్యం, పప్పులు షట్టరు దించేలోపు ఊడ్చుకోవాలి. హోటళ్లవాళ్లు చెత్త డబ్బాలకు మూతలు పెట్టాలి. ఇది మా బాధ్యత, మున్సిపాలిటీ మీదకు నెట్టేది కాదు.

నగరపాలక అధికారులను కోరేది ఇది. ఏటా ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు, జిగురూ మందూ వాడబోమని, గూళ్లు చూశాకే వల కట్టిస్తామని వ్యాపారుల దగ్గర రాయించుకోండి. వలలు కట్టే కుర్రాళ్లకు పశువైద్య విభాగంతో ఒక పూట శిక్షణ ఇప్పించండి. చాలామందికి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఈ తప్పు జరుగుతోంది. వలలో చిక్కిన పక్షి కోసం ఫోన్ చేయడానికి ఒకే నంబరు పెట్టి, దాన్ని ప్రతి మార్కెట్‌లోనూ రాయించండి.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
కోఠి, హైదరాబాద్