ఒక్క డీజిల్ ఇంజన్‌నైనా తలుపులు తెరిచి ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

పాత డీజిల్ ఇంజన్లు ఒక్కొక్కటిగా తుక్కు కిందికి వెళ్లిపోతున్నాయి. లైన్లు కరెంటుకి మారిపోయాక అది తప్పదు, నేను కాదనడం లేదు. వాటిలో ఎక్కువగా నడిచిన డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్‌ని ఒక్కదాన్ని మాత్రం విజయవాడలో జనం ఎక్కి చూసేలా ఉంచమని రైల్వేవాళ్ళని అడుగుతున్నాను.

మా నాన్నగారు ఇక్కడే ఆవిరి ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. డ్యూటీ దిగి వస్తే కళ్ళు తప్ప మనిషంతా నలుపే. నిప్పురవ్వలు పడి చొక్కా చేతులు జల్లెడలా ఉండేవి. అమ్మ వాటిని సోడాలో విడిగా నానబెట్టేది, మా బట్టల్లో కలపనిచ్చేది కాదు. తర్వాత ట్రైనింగ్‌కి పంపి డీజిల్ అసిస్టెంట్‌ని చేశారు. బొగ్గు పార పట్టే పని పోయింది. దారిలో ఆగి నీళ్ళు పట్టుకోవడం, బూడిద లాగడం, ఆవిరి తయారయ్యేదాకా గంటలకొద్దీ కాచుకోవడం కూడా పోయాయి. "అన్నం కలుపుకుంటుంటే ఇప్పుడు చెయ్యి వణకడం లేదు" అని అమ్మ పక్కింటి పిన్నిగారితో చెప్పడం నాకింకా గుర్తుంది.

డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో మొదటివి అక్కడినుంచే వచ్చాయి. 1964 జనవరి నుంచి వారణాసిలో మనవాళ్ళే తయారుచేశారు, మొత్తం 2,500కు పైగా. బొగ్గింజన్లని పక్కకి తప్పించింది ముఖ్యంగా ఇదే. ఎక్స్‌ప్రెస్‌కీ గూడ్సుకీ ఇదే ఇంజన్. మన ఊరి మీదుగా వెళ్ళే తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌కి రెండేసి కట్టేవారు. ఆ జోడీ వస్తుంటే ప్లాట్‌ఫారం అదిరేది.

ఒకసారి నాన్నగారు నన్ను క్యాబ్‌లోకి, అంటే డ్రైవరు గదిలోకి ఎక్కించి, ఇంజన్ జోరు పెంచే నాచ్ హ్యాండిల్ పట్టుకోనిచ్చారు. దానికి ఎనిమిది నాచ్‌లు, అంటే మెట్లు. డీజిల్ ఇంజన్ అంటాం కానీ డీజిల్ నేరుగా చక్రాల్ని తిప్పదని ఆ రోజే తెలిసింది. 16 సిలిండర్ల ఇంజన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో ఆరు ఇరుసుల మోటార్లు బండిని లాగుతాయి. బయల్దేరేటప్పుడు నల్లటి పొగ ఎందుకొస్తుందని కూడా అడిగాను. ఆయిల్ ముందే ఎక్కువ పడుతుందట, గాలి నెట్టే టర్బో వేగం అందుకుని దానికి సరిపడా గాలి పంపేదాకా సగం కాలిన ఆయిలే పొగై పోతుందట. 2,600 హార్స్‌పవర్ అని పుస్తకంలో చదివితే ఏం తెలుస్తుంది? ఇంజన్ పక్క తలుపులు తీసి సిలిండర్ల వరస చూపిస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

పోయినేడాది మా మనవడిని వేరే ఊళ్ళో దిమ్మె మీద నిలబెట్టిన పాత ఇంజన్ దగ్గరికి తీసుకెళ్ళాను. చుట్టూ కంచె, తలుపులకి వెల్డింగ్, ఇంగ్లీషులో నాలుగు లైన్ల బోర్డు. "లోపల ఏముంటుంది అమ్మమ్మా?" అని వాడడిగాడు. నేను చేతులతో చూపించి చెప్పాల్సి వచ్చింది. ఇంజన్‌కి రంగేసి అలా నిలబెడితే ఎవరికి ఉపయోగం?

వారణాసిలో తయారైన తొలి ఇంజన్ 'కుందన్' ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. మంచిదే, కానీ మన పిల్లలందరూ అక్కడిదాకా వెళ్ళగలరా? వారణాసి కార్ఖానా ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్లు చేస్తోంది, 2020లో దాని పేరులోంచి డీజిల్ అనే మాట కూడా పోయింది. ఇన్ని లైన్లు కలిసే విజయవాడలో, సిటీ బస్సు దిగి నడిచి వెళ్ళగలిగే చోట ఒకటి పెట్టండి. అది స్టార్ట్ కాకపోయినా పర్వాలేదు. క్యాబ్‌లోకి మెట్లు, తెరిచిన తలుపులు, తెలుగులో బోర్డులు ఉంటే చాలు.

రిటైరైన డీజిల్ షెడ్ ఫిట్టర్లూ డ్రైవర్లూ విజయవాడలోనూ గుంటూరులోనూ ఇంకా ఉన్నారు. ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పగలిగినవాళ్ళు. ఆదివారాలు వాళ్ళకి కాస్త గౌరవ వేతనమిచ్చి పిల్లలకి చెప్పించండి. చెప్పేది రికార్డు చేయించండి. చాలామందికి డెబ్బై అయిదు దాటింది. మా నాన్నగారిని నేను ఇంకా చాలా అడగాల్సింది, అడగలేకపోయాను.

ఇట్లు,
ఒక ఫైర్‌మన్ కూతురు,
సత్యనారాయణపురం, విజయవాడ