చిత్తు పేజీలో ఎర్ర సిరా ఎందుకు లేదంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయ్యాక బడి మళ్ళీ గాడిన పడింది. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కుల కార్డులు పిల్లల చేతికిచ్చి పంపాం, సంతకం చేసి తిరిగి పంపండి. మధ్యాహ్న భోజనం, బూట్లు, బస్సు పాసుల సంగతులు నోటీసు బోర్డులో పెట్టాను. ఈ లేఖలో వాటికి చోటు లేదు. ఎందుకంటే ఈ మధ్య గేటు దగ్గర ఆగిన వాళ్ళూ, ఫోన్ చేసిన వాళ్ళూ నన్ను అడుగుతున్నది ఒకటే మాట: "మేడమ్, మా పిల్ల తెలుగు నోటుబుక్కు నిండా తప్పులే ఉన్నాయి, టీచరు ఒక్కటీ దిద్దలేదేంటి?" ఒక తండ్రిగారైతే పుస్తకమే తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పిల్లల పుస్తకం తెరిచి చూసే తండ్రి దొరకడమే అదృష్టం, అందుకని ఆయనకు టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాను. ఆయనకు చెప్పిందే మీ అందరికీ రాస్తున్నాను.

ఈ ఏడు 6 నుంచి 9 వరకు ప్రతి తరగతికీ వారానికి రెండు తెలుగు పీరియడ్లు సొంతంగా రాయడానికి కేటాయించాం. ఆ నోటుబుక్కులో ఎడమ పేజీ చిత్తు, కుడి పేజీ సాపు. మీరు చూసి కంగారు పడింది ఎడమ పేజీని. అక్కడ టీచరు ఎర్ర పెన్ను పెట్టరు. పెట్టొద్దని నేనే చెప్పాను.

కారణం అనుభవంలో చూసిందే. పేజీ అంతా ఎర్రగా తిరిగొచ్చిన పిల్ల, తర్వాతిసారి నాలుగు వాక్యాలు రాసి ఊరుకుంటుంది. అవి కూడా ఒత్తు పోదని, దీర్ఘం తప్పదని గట్టిగా తెలిసిన మాటలతోనే రాస్తుంది. చెప్పాలనుకున్నది ఒకటి, రాయడానికి ధైర్యం చాలింది ఇంకొకటి. అందుకే మొదటి వారం ఏం చెప్పాలనుకుందో దాని మీదే ధ్యాస. రెండో వారం టీచరు పెన్సిలుతో ఒక్క రకం తప్పుల కింద మాత్రం గీత గీస్తారు. ఒకసారి ఒత్తులు, ఇంకోసారి శ, ష, స. సరైన రూపం పాఠ్యపుస్తకంలోనో నిఘంటువులోనో పిల్లలే వెతుక్కోవాలి. ఆ తర్వాతే సాపు. కుడి పేజీలో తప్పు కనిపిస్తే ఎర్ర సిరా తప్పదు, అక్కడ మొహమాటం లేదు. మీరు ఈసారి పుస్తకం తెరిచినప్పుడు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. ఏడో తరగతి పాప రాసింది, ఆ పాపనూ వాళ్ళమ్మనూ అడిగే ఇక్కడ పెడుతున్నాను. 'అమ్మ' గురించి రాయమంటే మొదట ఇలా రాసింది: "మా అమ్మ చాలా మంచిది. మా కోసం ఎంతో కష్టపడుతుంది. అమ్మ దేవుడిచ్చిన వరం. అందరూ అమ్మను గౌరవించాలి." ఇందులో అక్షరం తప్పు లేదు. పాత పద్ధతిలో అయితే 'గుడ్' అని సంతకం పెట్టి ఇచ్చేసేవాళ్ళం. కానీ ఈ నాలుగు వాక్యాలూ ఏ ఊళ్ళో ఏ పాప రాసినా ఇలాగే ఉంటాయి. ఇందులో వాళ్ళమ్మ ఎక్కడుంది?

టీచరు పక్కన పెన్సిలుతో రెండు ప్రశ్నలు రాశారు, అంతే. 'అమ్మ ఏం పనికి వెళ్తుంది? ఇంటికి రాగానే ముందు ఏం చేస్తుంది?' పాప మళ్ళీ రాసింది:

"అమ్మ జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చి ముందు చేతులు కడుగుతాది. జీడి నలుపు సబ్బుకు పోదు. కొబ్బరి నూనె రాసి గుడ్డతో తుడుస్తాది. పండక్కి గోరింటాకు పెట్టుకో అంటే ఈ చేతులకెందుకే అంటాది. నాకు మాత్రం రెండు చేతులకీ పెడతాది."

పలాస చుట్టుపక్కల ఉన్న మనకు ఆ నలుపు ఏమిటో చెప్పక్కర్లేదు. జీడి పిక్క పెంకులోని నూనె అంటితే చర్మం కాలుతుంది, మచ్చ పడుతుంది. ఆ పని చేసే తల్లులు మన బడిలో ఎంతోమంది. కష్టపడుతుంది అన్న మాట రెండోసారి పాప రాయనే లేదు గమనించారా? రాయకుండానే తెలిసింది. క్లాసులో నేర్పేది ప్రధానంగా ఇదే. మంచిది, అందమైనది, గొప్పది అని తీర్పు చెప్పకుండా, కంటితో చూసింది చూసినట్టు, చెవితో విన్నది విన్నట్టు పెట్టమంటాం. కథలల్లడం, కవిత్వం అవన్నీ ఆ తర్వాత సంగతి.

ఇక 'కడుగుతాది', 'అంటాది' గురించి. ఇలాంటి మోటు మాటలు బడిలో రాయనిస్తారా అని కొందరికి బాధగా ఉంది. మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను. మనుషులు మాట్లాడుకునే మాటలు ఇంట్లో ఎలా అంటే అలాగే ఉండాలి. మిగతా కథనం వేరే జిల్లా వాళ్ళకూ అర్థమయ్యే మామూలు రాతలో ఉండాలి. ఆ పాప సాపు పేజీలో 'కడుగుతుంది' అని తనే మార్చుకుంది. 'ఈ చేతులకెందుకే' మాత్రం అలాగే ఉంచింది. ఎక్కడ ఏది రాయాలో తెలియడమే కదా భాష రావడమంటే. పరీక్షలో ఏ రాత రాయాలో వాళ్ళకు స్పష్టంగా చెప్తున్నాం, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

అయినా ఈ గొడవ మన ప్రాంతానికి కొత్తదా? గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పాఠాలు చెప్పింది పర్లాకిమిడి రాజావారి బడిలో. పిల్లలు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి బడిలో ఇంకో తెలుగు బట్టీ పట్టడం చూడలేకే ఆయన వాడుక భాష కోసం పోరాటానికి దిగారు. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ విద్యార్థులు వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చని ఒప్పుకున్నారు. పండితులు గోల చేస్తే 1914లో ఆ వెసులుబాటు తీసేశారు. అంటే ఆ రోజుల్లో మీరిప్పుడు చదువుతున్న ఇలాంటి తెలుగే మోటు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న ఫోటోకు దండ వేసి, 30న పిల్లాడి మాటను కొట్టేయడం నాకు నచ్చదు. మన బడిలో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారు. మాట అందకపోతే చిత్తు పేజీలో ఒడియా మాటే తెలుగు అక్షరాల్లో రాసుకోమని వాళ్ళకు చెప్పాం. సాపు చేసేటప్పుడు పక్కనున్న స్నేహితులు సాయం పడుతున్నారు. సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసిన మనిషి గిడుగు. ఆయన ఉంటే దీనికి అభ్యంతరం చెప్పరనే అనుకుంటున్నాను.

పిల్లలు ఏమేం రాస్తున్నారో కొంచెం చెప్తాను. ఆరో తరగతికి పొడుపు కథలతో మొదలుపెట్టాం. 'అందరాని వస్త్రం మీద అన్నీ వడియాలే', 'కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు' లాంటివి అమ్మమ్మల దగ్గర సేకరించుకుని రమ్మన్నాం. తర్వాత సొంతంగా కట్టమన్నాం. పేరు చెప్పకుండా వస్తువును చూపించాలంటే ముందు దాన్ని సరిగ్గా చూడాలి కదా. జీడిపండు మీద ఒకడు కట్టింది: 'కడుపులో ఉండాల్సినోడు కాళ్ళ కింద వేలాడతాడు.' స్టాఫ్ రూములో అందరం మెచ్చుకున్నాం. మీలో నా ఈడు వాళ్ళకు చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది, రెండు ఫోటోలకు జంటగా వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపేవాళ్ళం. ఏడో తరగతి వాళ్ళతో పేపర్ కటింగులు పెట్టి అదే ఆట ఆడిస్తున్నాం.

ఎనిమిదో తరగతికి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక రోజు గురించి రాయమన్నాం. ఉద్దానం తీరం పిల్లలు కదా, సగం మంది తిత్లీ తుపానే ఎంచుకున్నారు. 2018 అక్టోబరులో వీళ్ళు బాగా చిన్నపిల్లలు, ఎవరికీ సరిగా గుర్తులేదు. ఒక అబ్బాయి తాతను అడిగి మూడు పేజీలు రాశాడు. గాలి హోరు, చెట్లు విరగడం, కరెంటు పోవడం. బాగానే ఉంది గానీ టీవీలో చెప్పినట్టే ఉంది. తెల్లారాక తాత బయటికొచ్చి ముందు ఏం చూశాడో అడిగి రా అని పంపారు టీచరు. మర్నాడు ఒక్క వాక్యం కలిపాడు: 'తోట పడిపోయింది కదా, మా అరుగు మీద నుంచి ఆ రోజే మొదటిసారి సముద్రం కనబడిందట.' ఆ మూడు పేజీల్లో రెండు ఇప్పుడు వాడే కొట్టేశాడు. కొట్టేయమని మేం చెప్పలేదు.

అన్నీ ఇలా ఉంటాయని అనుకోకండి. చాలా రాతలు చప్పగానే ఉంటాయి, కొన్ని సినిమా కథలే పేర్లు మార్చి వస్తాయి. కవిత అనగానే చెట్టు, గుట్టు, పట్టు అని ప్రాస కోసం పాకులాడతారు. ప్రాస ముద్దే గానీ దాని కోసం అర్థం లేని మాట తెచ్చి పెడితే ఒప్పుకోవద్దని టీచర్లతో అన్నాను. ఈ విషయంలో మా స్టాఫ్‌లో నాతో ఏకీభవించని వాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి.

మార్కుల మాట. పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో 'వ్యక్తీకరణ-సృజనాత్మకత' అని విడిగా ఒక భాగం ఉంది. లేఖ, కరపత్రం, సంభాషణ, గేయం లాంటివి అక్కడ అడుగుతారు. గైడులో ఉన్న లేఖ బట్టీ పట్టిన పిల్లాడు ప్రశ్న కాస్త మార్చి అడిగితే పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు రాతలు దేనికని అడిగిన వాళ్ళకు నా జవాబు: చూసింది చెప్పడం తెలుగులో అలవాటైన పిల్ల ఇంగ్లీషులో మాటల కోసం మాత్రమే వెతుక్కుంటుంది. రెండు భాషల్లోనూ అలవాటు లేని పిల్లకు మాటలున్నా చెప్పేందుకు ఏమీ తోచదు. మా ఇంగ్లీషు టీచరు కూడా ఇప్పుడు చిత్తు, సాపు పద్ధతే మొదలుపెట్టారు.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. పిల్లలు ఇంట్లో గొడవలు, అప్పులు రాసేస్తే ఎలా అని ఒక తల్లి భయపడ్డారు. సబబైన భయమే. ఏ పిల్లనూ ఇష్టం లేకుండా పైకి చదవమనం. పేజీ మూల మడిచి ఇస్తే దాన్ని టీచరు ఒక్కరే చదువుతారు, స్టాఫ్ రూములో చర్చించరు, గోడ పత్రికకు ఎక్కించరు. పిల్లల క్షేమానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం నా దాకా వస్తుంది, నేను మిమ్మల్ని పిలిచి మాట్లాడతాను. ఆ ఒక్క విషయంలో గుట్టు పాటించలేను.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది, చేయకూడనిది ఒకటుంది. చేయకూడనిది ముందు చెప్తాను. పిల్లల బదులు మీరు రాయకండి, ఫోనులో అడిగి రాయించకండి. మొన్న ఒక కథ వచ్చింది, అందులో మన ఊళ్ళో మంచు కురిసింది, రాము ఉన్ని కోటు వేసుకుని చలిమంట ముందు సూప్ తాగాడు. మన వైపు డిసెంబరులో కూడా ఫ్యాన్ వేసుకుంటాం కదా! ఆ పిల్లాణ్ణి ఏమీ అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నిన్న సాయంత్రం ఏం తిన్నావో చెప్పమంటే పకోడీల బండి దగ్గర జరిగిన తగువు చెప్పాడు. అదే రాయించాం. సూప్ కథ కంటే వంద రెట్లు బాగుంది.

చేయగలిగింది, పిల్లలు చదివి వినిపిస్తుంటే పూర్తిగా వినడం. మధ్యలో ఆపి 'ష'కి ఒత్తు అలా కాదు అనకండి. విన్నాక 'తర్వాత ఏమైంది?' అనో 'అప్పుడు మామయ్య ఏమన్నాడు?' అనో ఒక్క ప్రశ్న అడగండి. మీకు చదువు రాకపోయినా ఇది చేయొచ్చు. నిజానికి చదువు రాని అమ్మమ్మలే ఈ ప్రశ్నలు బాగా అడుగుతున్నారని పిల్లలు చెప్తున్నారు. ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) దగ్గర పడుతోందని ఈ పీరియడ్లు ఆపడం లేదు. పరీక్ష కోసం అదనపు స్టడీ అవర్ సాయంత్రం పెట్టాం, అది ఆటల పీరియడును తినదు.

నవంబరు 14న మధ్యాహ్నం రెండున్నరకు పిల్లలు తమ రాతలు చదువుతారు. ముఖ్య అతిథి లేరు, శాలువాలు లేవు, బహుమతులు కూడా లేవు. ఎవరు చదవాలో, ఏది చదవాలో పిల్లలదే ఇష్టం. ఫ్యాక్టరీ పనికి వెళ్ళే తల్లులు ఆ వేళకు రాలేమన్నారు కాబట్టి ఏడో తరగతి వాళ్ళది మాత్రం సాయంత్రం ఆరు గంటలకు పెడుతున్నాం. చీకటి పడ్డాక పిల్లలను తీసుకెళ్ళడానికి ఇంటికొకరు రావాలి. గోడ పత్రిక కోసం ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు, పాత క్యాలెండర్లు మీ ఇళ్ళలోనో దుకాణాల్లోనో ఉంటే పిల్లలకిచ్చి పంపండి. జిగురు, స్కెచ్ పెన్నులు బడి నుంచే ఇస్తాం, మీరు కొనొద్దు.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు